బోర్డు మారితే మనిషి కూడా మారాలా?

"వైద్యో నారాయణో హరిః" అన్నారు పెద్దలు. నారాయణుడు సర్వాంతర్యామి గనక ఎక్కడైనా వుంటాడు. వైద్యుడు మనిషి గనక ఎక్కడో ఒకచోటే వుండగలడు. ఆ ఒకచోటు పల్లెటూరు కావడం లేదు. అదీ చిక్కు.

యీ చిక్కు విప్పడానికి స్వతంత్రం వచ్చిన నాటినుంచీ ప్రభుత్వాలు ఏదో ఒకటి చేస్తూనే వున్నాయి. కమిటీలు వేశారు, పథకాలు పెట్టారు, డబ్బు కూడా ఖర్చు పెట్టారు. ఏమీ చెయ్యలేదని అనడం అన్యాయం. కాని చేసినదానిలో ఒక పెద్ద లోపం మొదటినుంచీ వుండిపోయింది. పల్లె వైద్యానికి అదనపు సిబ్బంది కావాలని గుర్తించిన ప్రతిసారీ ప్రభుత్వం ఒక కొత్త పథకం పెట్టి, ఆ పథకానికో కొత్త హోదా సృష్టించి, ఆ హోదాలో మనుషుల్ని కాంట్రాక్టు మీద తీసుకుంది. పథకం వున్నంతకాలం మనిషి వుంటుంది. పథకం పేరు మారితే ఆమె వుద్యోగం వూగుతుంది. జబ్బు మాత్రం ఎక్కడికీ పోదు.

విద్యార్థి మిత్రులు యీ విషయాన్ని వైద్య కళాశాలల వాళ్ళ గొడవగా కొట్టిపారెయ్యకూడదని నా మనవి. ఇది డబ్బు సంగతి గనక అర్థశాస్త్రం వాళ్ళది, కేంద్ర రాష్ట్ర సంబంధాల సంగతి గనక రాజనీతిశాస్త్రం వాళ్ళది, మన అక్కచెల్లెళ్ళ వుద్యోగాల సంగతి గనక అందరిదీ.

మా మొగల్తూరు పేరు చెప్పగానే జనం కృష్ణంరాజునీ, చిరంజీవినీ తల్చుకుంటారు. తల్చుకోవలసిందే. అయితే వెండితెర వెనకాల వున్న వూరు కూడా ఒకటి వుంది. నరసాపురానికి పడమరగా, గోదావరి కాలవల చివర, సముద్రాన్ని ఆనుకుని వున్న మండలం మాది. మొగల్తూరులోనూ, కాళీపట్నంలోనూ, ముత్యాలపల్లిలోనూ, పేరుపాలెంలోనూ జనం చేసే పనులు చూడండి. కొబ్బరి దింపులు, వరి కోతలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు, సముద్రం మీద వేట, ఆడవాళ్ళకి ఇంటిపట్టున లేసు అల్లకం. రొయ్యల షెడ్డులో రోజల్లా ఐసు నీళ్ళల్లో చేతులు పెట్టి నిలబడే మనిషికి కీళ్ళ నెప్పులు. లేసు అల్లే ఆవిడకి మెడ నెప్పి, కళ్ళ మంట. చెరువుగట్టు మీద రాత్రిళ్ళు కాపలా వుండేవాడికి నిద్రా వుండదు, వేళకి తిండీ వుండదు. యీ అందరికీ ఉమ్మడిగా పట్టుకున్నవి బి.పి., సుగరు.

పూర్వం మన డెల్టాకి కలరా, మలేరియా, బోదకాలు శత్రువులు. కలరాకి సూది వెయ్యొచ్చు, మలేరియాకి మాత్ర ఇవ్వొచ్చు. ఇంజెక్షన్ల క్యాంపు పెట్టి, నాలుగు రోజులుండి వెళ్ళిపోయినా కొంత పని జరిగేది. బి.పి. అలాంటిది కాదు. నెప్పి వుండదు, జ్వరం వుండదు. మాత్ర వేసుకున్నా వేసుకోకపోయినా మనిషికి తేడా తెలియదు. అందుకని నాలుగు నెలలు వేసుకుని, "బాగానే వున్నాను కదా" అని మానేస్తారు. ఒకనాడు పొద్దున్నే నోరు వంకరపోయి, చెయ్యి పడిపోతుంది. అప్పుడు భీమవరం పరిగెత్తడాలు, పుస్తెలతాడు తాకట్టు పెట్టడాలు, సంపాదించే మనిషి మంచాన పడటాలు. ఇవన్నీ మన వూళ్ళలో అందరికీ తెలిసిన కథలే.

యీ కథ జరగకుండా ఆపేది పెద్ద ఆసుపత్రి కాదు, స్కానింగు మిషనూ కాదు. "ఏం బాబాయ్, యీ నెల మాత్రలు తీసుకెళ్ళలేదే?" అని అడిగే మనిషి ఆపుతుంది. అలా అడగాలంటే ఆ బాబాయి ఎవరో ఆమెకి తెలిసుండాలి. పోయిన నెలా ఆమే వుండాలి, వచ్చే నెలా ఆమే వుండాలి. కుటుంబ వైద్యం అనే మాటకి నాకు తెలిసిన అర్థం ఇంతే. అందులో సగం మందు, సగం పరిచయం. పరిచయం పెరగడానికి కాలం కావాలి.

ఆర్.ఎం.పి. డాక్టర్లని చదువుకున్నవాళ్ళం వెక్కిరిస్తాం. అర్హత లేని వైద్యం ప్రమాదమే, సందేహం లేదు. కాని రాత్రి పదిగంటలకి తలుపు కొడితే లేచేది అతనే. ఎవరింట్లో ఎవరికి ఏ జబ్బో నోటికి చెప్పగలిగేది అతనే. డబ్బు తర్వాత ఇస్తామంటే సరేననేదీ అతనే. జనం అతని డిగ్రీ చూసి వెళ్ళడం లేదు, అతను అక్కడే వుంటాడని వెళ్తున్నారు. ప్రభుత్వం నేర్చుకోవలసిన పాఠం అక్కడ వుంది.

పాత లెక్క

1946లో భోర్ కమిటీ తన నివేదిక ఇచ్చింది. తక్షణ కార్యక్రమంగా 40 వేల జనాభాకి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వుండాలంది. అందులో ఇద్దరు డాక్టర్లు, నలుగురు పబ్లిక్ హెల్త్ నర్సులు, ఒక నర్సు, నలుగురు మిడ్‌వైఫులు, శిక్షణ పొందిన మంత్రసానులు నలుగురు, ఇద్దరు శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, ఇద్దరు హెల్త్ అసిస్టెంట్లు, ఒక ఫార్మసిస్టు, ఇంకా 15 మంది నాలుగో తరగతి వుద్యోగులు. మొత్తం 35 మంది. డాక్టరుకి చుట్టూ ఒక జట్టు వుండాలన్న ఆలోచన ఇవాళ కొత్తగా ఎవరో కనిపెట్టింది కాదని చెప్పడానికే యీ లెక్క చెబుతున్నాను. స్వతంత్రం రాకముందే కాగితం మీద వుంది. 1952 అక్టోబరు 2న ప్రారంభమైన సమాజ వికాస పథకంతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు మొదలయ్యాయి. కేంద్రాలు వచ్చాయి గాని ఆ జట్టు మాత్రం పూర్తిగా ఎన్నడూ రాలేదు.

1977లో గ్రామానికో ఆరోగ్య కార్యకర్త అన్నారు. నెలకి 50 రూపాయల భృతి. 1981లో ఆ కార్యకర్తకి హెల్త్ గైడ్ అని పేరు మార్చారు. ఖర్చంతా కేంద్రం భరించింది. 2002లో కేంద్రం డబ్బు ఆపేసింది, పథకం ముగిసింది. పాతికేళ్ళపాటు వూళ్ళలో తిరిగిన మనుషులు, వాళ్ళు నేర్చుకున్నదీ, వాళ్ళకి తెలిసినదీ అంతా ఆ సంతకంతో పోయింది.

మూడేళ్ళు తిరగకుండానే 2005 ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది. మళ్ళీ వెయ్యిమందికి ఒకరు చొప్పున కార్యకర్త అన్నారు, యీసారి ఆమె పేరు ఆశా. సబ్ సెంటరులో పర్మనెంటు ఏ.ఎన్.ఎం.కి తోడుగా కాంట్రాక్టు మీద రెండో ఏ.ఎన్.ఎం. వచ్చింది. ఇది మంచి పనే. ప్రసవాలు ఇళ్ళనుంచి ఆసుపత్రులకి మారడంలో వీళ్ళ పాత్ర ఎవరూ కాదనలేరు. కాని డబ్బు లెక్క చూడండి. మొదట్లో మిషన్ ఖర్చు పూర్తిగా కేంద్రానిది. పదకొండో ప్రణాళికలో కేంద్రం వాటా 85 శాతం. పన్నెండో ప్రణాళికలో 75. 2015-16 నుంచి 60. మిగతా 40 మన రాష్ట్రం పెట్టుకోవాలి. పెళ్ళిలో భోజనాలు మావేనని చెప్పి, పంక్తి కూర్చున్నాక సగం కూరలు మీరు వండుకోండి అన్నట్టు వుంది. రాష్ట్రం మాత్రం ఏం చేస్తుంది? భారం పెరుగుతుందని భయపడి పోస్టులని పర్మనెంటు చెయ్యదు. కాంట్రాక్టుని ఏడాదికో ఏడాది పొడిగిస్తూ పోతుంది.

కొత్తొక వింత, పాతొక రోత

2018లో సబ్ సెంటర్లని వెల్‌నెస్ సెంటర్లుగా మార్చి, ప్రతిదానికీ ఒక కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ని పెట్టాలని కేంద్రం నిర్ణయించింది. మన రాష్ట్రంలో ఆమెనే ఎం.ఎల్.హెచ్.పి. అన్నారు. బి.ఎస్సీ. నర్సింగు చదివి, సామాజిక ఆరోగ్యంలో ఆరునెలల శిక్షణ పొందిన అమ్మాయి. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం నెలకి 25 వేలు జీతం, పైన పనిని బట్టి 15 వేల దాకా ప్రోత్సాహకం. నన్నడిగితే పల్లె వైద్యంలో యీమధ్య వచ్చిన మంచి మార్పుల్లో ఇదొకటి. మాత్రలివ్వడానికీ, బి.పి. చూడడానికీ, సుగరు పరీక్ష చెయ్యడానికీ చదువుకున్న మనిషి వూళ్ళో కూర్చుంది.

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. వాటితో సచివాలయం ఏ.ఎన్.ఎం. అనే మరో హోదా వచ్చింది. 2022 అక్టోబరు 21న ప్రయోగాత్మకంగా, 2023 ఏప్రిల్ 6న లింగంగుంట్లలో లాంఛనంగా ఫ్యామిలీ డాక్టర్ విధానం ప్రారంభించారు. రెండున్నర వేల జనాభాకి ఒకటి చొప్పున 10,032 విలేజ్ హెల్త్ క్లినిక్కులు, 14 రకాల పరీక్షలు, 105 రకాల మందులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వున్న ఇద్దరు డాక్టర్లలో ఒకరు 104 వాహనంలో నెలకి రెండుసార్లు వూరికి రావడం అని ప్రభుత్వం ప్రకటించింది. ఒకే డాక్టరు ఒకే వూరికి మళ్ళీ మళ్ళీ వస్తే పరిచయం పెరుగుతుందన్న ఆలోచన సరైనది. పార్టీల సంగతి ఎలా వున్నా ఆ మాట ఒప్పుకోవాలి.

104 బండి కథ కూడా ఇలాంటిదే. 2008లో రోడ్డెక్కింది. తర్వాత నడిపే సంస్థ మారింది. 2016లో చంద్రన్న సంచార చికిత్స అయింది. 2020 జులై 1న విజయవాడలో 108, 104 కలిపి 1,088 కొత్త వాహనాలు జెండా వూపి పంపారు. బండి రంగు మారిన ప్రతిసారీ అందులో పనిచేసే వాళ్ళకి, మనల్ని కొత్తవాళ్ళు వుంచుకుంటారో లేదో అని గుండెలో గుబులే.

ఇక బోర్డుల తగాదా. వెల్‌నెస్ సెంటర్లకి 2023 చివర్లో కేంద్రం ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పేరు పెట్టింది. పంజాబులో ఆ కేంద్రాల మీద రాష్ట్రం తన పేరు రాసుకుందని ఆరోగ్య మిషన్ నిధులు కేంద్రం నిలిపేసింది. ఎవరి పేరు పైన వుండాలో పెద్దవాళ్ళు తేల్చుకోవచ్చు. కాని ఆ నిధుల్లోనే నర్సమ్మ జీతం కూడా వుందన్న సంగతి ఆ తగాదాలో ఎవరికీ గుర్తు రాలేదు.

వీటన్నిటి ఫలితంగా ఒక్క వూళ్ళోనే పర్మనెంటు ఏ.ఎన్.ఎం., కాంట్రాక్టు ఏ.ఎన్.ఎం., సచివాలయం ఏ.ఎన్.ఎం., ఎం.ఎల్.హెచ్.పి., ఆశా అని రకరకాల హోదాలు తయారయ్యాయి. చేసే పని చాలావరకు ఒకటే, జీతాలు వేరు, పైఅధికారులు వేరు. కొవిడ్ కాలంలో, 2020-21లో, ఇంకొందరు తాత్కాలికంగా వచ్చారు. వాళ్ళ మీద పువ్వులు చల్లాం. గండం గడిచాక కాంట్రాక్టు అయిపోయిందని ఇంటికి పంపారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటే ఇదే కాదూ!

లేసు అల్లకం లెక్క

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ మన నరసాపురం ప్రాంతానికి వచ్చి, లేసు అల్లే స్త్రీల గురించి పరిశోధించి, 1982లో "ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అనే పుస్తకం వేసింది. ఆ స్త్రీల అల్లకం విదేశాలకి ఎగుమతయ్యేది. అయినా వాళ్ళని కార్మికులుగా ఎవరూ లెక్కవెయ్యలేదు. ఇల్లాళ్ళు, తీరిక వేళల్లో ఏదో చేసుకుంటున్నారు అనేవారు. ఆ మాట అనడం వల్లే కూలి అంత తక్కువగా ఇవ్వడం సాధ్యపడిందని ఆమె వాదన.

ఆశా కార్యకర్తకి ప్రభుత్వం పెట్టిన పేరు కూడా స్వచ్ఛంద కార్యకర్తే. ఆమెకి ఇచ్చేది జీతం కాదట, గౌరవ వేతనం. మన రాష్ట్రంలో 2019లో దాన్ని 10 వేలకి పెంచారు. 2025లో గ్రాట్యుటీ, ప్రసూతి సెలవులు కూడా ప్రకటించారు. సంతోషం. కాని పొద్దున్న లేచిన దగ్గర్నుంచి గర్భిణీల జాబితాలు, టీకాల జాబితాలు, సర్వేలు, ఫోనులో ఫొటోలు, ఎక్కింపులు చేసే మనిషి స్వచ్ఛంద సేవకురాలు ఎలా అవుతుంది? పేరు మార్చి కూలి తగ్గించే విద్య మా నరసాపురం తాలూకా వాళ్ళకి బాగా తెలిసినదే. అదే విద్య ప్రభుత్వం చేస్తే గుర్తుపట్టలేకపోవడం మన అమాయకత్వం.

ఇంగ్లండు వెళ్ళిన డబ్బు

మన కాకినాడ, విశాఖ, గుంటూరు వైద్య కళాశాలల్లో చదివిన డాక్టర్లు ఎందరో ఇంగ్లండులో ఫ్యామిలీ డాక్టర్లుగా పనిచేస్తున్నారు. అక్కడ కూడా డాక్టర్లు చాలక, 2019లో ఒక పథకం పెట్టారు. కొన్ని క్లినిక్కులు కలిసి ఒక బృందంగా ఏర్పడితే ఫార్మసిస్టు, ఫిజియోథెరపిస్టు, రోగికి సామాజిక సహాయం చూపించే కార్యకర్త వగైరాల జీతాలు ప్రభుత్వం తిరిగి చెల్లిస్తుంది. 2024 మార్చి లోపల 26 వేలమందిని తీసుకోవాలన్న లక్ష్యం గడువుకి ముందే చేరుకున్నారు. ఫలితం బాగానే వుంది. అయితే ఏయే హోదాలకి డబ్బు ఇవ్వాలో జాబితా పైనుంచి వచ్చింది. అందులో కొత్త డాక్టర్లు లేరు, క్లినిక్ నర్సులూ లేరు. దాంతో ఒకవైపు రోగులు డాక్టరు అపాయింట్‌మెంటు దొరకడం లేదని గోలపెడుతుంటే, ఇంకోవైపు చదువు పూర్తిచేసిన కుటుంబ వైద్యులు వుద్యోగాలు దొరక్క తిరిగారు. చివరికి 2024 అక్టోబరు నుంచి 8 కోట్ల 20 లక్షల పౌన్లతో వెయ్యిమంది కొత్త డాక్టర్లని కూడా ఆ పథకంలో చేర్చుకోవలసి వచ్చింది. డబ్బు ఏ డబ్బాలో వేస్తే ఆ డబ్బాకి సరిపోయిన మనిషే వస్తాడు. వూరికి ఏ మనిషి కావాలో వూరిని అడగాలి.

మా మండలాన్ని అడిగితే ఏం చెబుతుంది? రొయ్యల షెడ్ల ఆడవాళ్ళకీ, లేసు అల్లేవాళ్ళకీ వారానికి రెండురోజులైనా ఒక ఫిజియోథెరపిస్టు కావాలంటుంది. పనిలోంచి వచ్చాక, సాయంత్రం ఏడింటిదాకా తెరిచివుండే క్లినిక్ కావాలంటుంది. కొండ ప్రాంతాల్లో, పాడేరు వైపు, అడిగితే వేరే జవాబు వస్తుంది. విజయవాడలోనో, ఢిల్లీలోనో తయారైన ఒకే జాబితా రెండు చోట్లకీ ఎలా సరిపోతుంది?

రెండు అభ్యంతరాలు

"పర్మనెంటు చేస్తే పనిచెయ్యరు" అనేది మొదటి అభ్యంతరం. లెక్చరర్లు మన్నించాలి, మరి మన కాలేజీలో పాఠాలు బాగా చెప్పేవాళ్ళలో ఎక్కువమంది పర్మనెంటు వాళ్ళే కదా! కలెక్టరు పర్మనెంటు, జడ్జి పర్మనెంటు. వాళ్ళకి లేని సోమరితనం నర్సమ్మకే వస్తుందా? పని తనిఖీ చెయ్యడం చేతకాని పైవాళ్ళు వుద్యోగ భద్రత మీద నెపం వేస్తున్నారు. పైగా ప్రోత్సాహకాల పద్ధతి వల్ల మరో చిక్కు వచ్చింది. లెక్కలు ఎక్కిస్తేనే డబ్బు గనక రోగి మొహంకంటే ఫోను మొహం ఎక్కువ చూడవలసి వస్తోంది.

"డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?" అనేది రెండోది. ఇది గట్టి ప్రశ్నే, తేలిగ్గా తీసెయ్యను. 2017 జాతీయ ఆరోగ్య విధానం ఆరోగ్య వ్యయంలో మూడింట రెండొంతులు ప్రాథమిక వైద్యానికి పెట్టాలంది. పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్లు సిఫారసు చేసింది. అందులో ఎక్కువభాగం భవనాలకీ, పరీక్షల సదుపాయాలకీ, వెల్‌నెస్ సెంటర్లకీ. భవనం కట్టడం ఒక్కసారి ఖర్చు, శిలాఫలకం మీద పేరు కూడా వుంటుంది. మనిషి జీతం ప్రతినెలా ఖర్చు, దానికి శిలాఫలకం వుండదు. డబ్బు తక్కువన్నది నిజమే. వున్నది కూడా రాయికి పోయినంత సులువుగా మనిషికి పోవడం లేదన్నది అంతకంటే నిజం. పక్షవాతం వచ్చిన ప్రతి కుటుంబం తర్వాత పెట్టే ఖర్చు లెక్కవేస్తే, దాన్ని ఆపగల నర్సమ్మ జీతం పెద్ద మొత్తమేమీ కాదు.

చెయ్యవలసినవి

మొదటిది, కొత్త హోదా ప్రకటించేముందు మంజూరైన పాత పోస్టులన్నీ నింపాలి. రెండోది, ఎప్పటికీ వుండే పనికి ఎప్పటికీ వుండే పోస్టు ఇవ్వాలి. ఎం.ఎల్.హెచ్.పి.ని పథకం జాబితాలోంచి తీసి ఆరోగ్యశాఖ పోస్టుల జాబితాలో వెయ్యాలి. మూడోది, జీతం డబ్బుని బోర్డుల తగాదానుంచి విడదియ్యాలి. కేంద్రం తన వాటా పదేళ్ళదాకా తగ్గించనని ముందే రాసివ్వాలి. నాలుగోది, అదనపు సిబ్బంది ఎవరు కావాలో మండలంలోని డాక్టరూ, పంచాయితీలూ కలిసి నిర్ణయించుకునేలా జనాభాని బట్టి డబ్బు ఇవ్వాలి. ఐదోది, మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని అన్న సంగతి ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద తెలుగులో రాయాలి.

యీ చివరిదానికి మనం ప్రభుత్వం కోసం ఎదురుచూడనక్కర్లేదు. 2005 సమాచార హక్కు చట్టం కింద మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. సెలవులకి ఇళ్ళకి వెళ్ళేటప్పుడు మనలో ప్రతి ఒక్కరూ తమ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఒక దరఖాస్తు పెడదాం. నాలుగే ప్రశ్నలు: మంజూరైన పోస్టులు ఎన్ని? అందులో మనుషులున్నవి ఎన్ని? కాంట్రాక్టు మీద వున్నవి ఎన్ని? వాళ్ళ జీతం ఏ పద్దునుంచి, ఎప్పటిదాకా?

వచ్చిన జవాబులు విద్యార్థి సంఘానికి ఇద్దాం. వచ్చే ఏటి సావనీర్‌లో శుభాకాంక్షల ప్రకటనల మధ్య రెండు పేజీలు వాటికి కేటాయించమని సంఘం కార్యవర్గాన్ని కోరుతున్నాను. రేపు వోట్లకి వచ్చేవాళ్ళు ఏ రంగు బోర్డు పట్టుకొచ్చినా, ఆ రెండు పేజీలు తెరిచి వాళ్ళ చేతికి ఇద్దాం.